పాఠం చివరి విద్యార్థి దాకా చేరాలంటే
(ఆన్‌లైన్ ఉన్నత విద్యలో నాణ్యత, సాంకేతిక ప్రమాణాల గురించి డిగ్రీ, పీజీ అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం)

అధ్యాపక మిత్రులందరికీ నమస్కారం.

పొద్దుటి నుంచి కెమెరా ముందు ఎలా మాట్లాడాలి, లైటు ఎటునుంచి పడాలి, మైకు ఎక్కడ తగిలించుకోవాలి అన్నవి చూశారు. అవన్నీ కావలసినవే. నేను మాత్రం వీడియో తీయకముందే తేల్చుకోవలసిన సంగతులు, తీశాక ఎవరూ పట్టించుకోని సంగతులు మాట్లాడతాను.

నాణ్యత అనగానే మన కాలేజీల్లో అందరికీ కాలేజీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ న్యాక్ గుర్తొస్తుంది. బృందం వచ్చే ముందు నెలంతా ఫైళ్లు సర్దుతాం. ఆన్‌లైన్ కోర్సుల నాణ్యతను కూడా అదే కళ్లతో చూస్తున్నాం. ఎన్ని వీడియోలు తీశాం, ఎన్ని గంటలు ఎక్కించాం, ఎంతమంది పేరు నమోదు చేసుకున్నారు అని లెక్క చెబుతున్నాం. నేను అడిగేది వేరే లెక్క. మనకు అందరికంటే దూరాన, అందరికంటే తక్కువ సదుపాయాలతో చదువుకునే విద్యార్థి ఉన్నాడు కదా, అతని చేతికి వెళ్లేసరికి మన పాఠంలో ఎంత మిగిలింది? సాంకేతిక ప్రమాణాలన్నీ ఆ ప్రశ్న కోసమే పుట్టాయని నా నమ్మకం. అవి ఐటీ విభాగం వాళ్ల వ్యవహారమని మనం వదిలేశాం. అది మన వ్యవహారమే.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న కంప్యూటర్లకంటే ముందే వచ్చింది. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. ఇప్పుడది డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికి మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో మొదలైతే దానికీ మొదటి వీసీ ఆయనే. దూరవిద్యలో పాఠ్యపుస్తకం ఒక్క మనిషి రాసి ఇచ్చేది కాదన్న పద్ధతి అప్పటికే బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో స్థిరపడింది. ఒకరు పాఠం రాస్తారు, విషయం తెలిసిన ఇంకొకరు సరిచూస్తారు, మరొకరు భాష దిద్దుతారు. దాన్ని కోర్సు బృందం అన్నారు. మీలో ఎవరైనా దూరవిద్యలో చదివి ఉంటే ఆ పుస్తకాల అమరిక గుర్తుండే ఉంటుంది. మొదట లక్ష్యాలు, మధ్యమధ్యలో సొంతంగా జవాబు రాసి చూసుకునే ప్రశ్నలు, చివర్లో సారాంశం. పక్కన అధ్యాపకుడు లేని విద్యార్థికి సందేహం ఎక్కడ వస్తుందో ముందే ఊహించి అలా రాశారు.

వీడియో వచ్చాక అలా సరిచూసి దిద్దే సంపాదకుడు మాయమయ్యాడు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. కెమెరా ముందు నిలబడి గంట మాట్లాడతాం, ఫైలు అప్‌లోడ్ అవుతుంది, అంతే. మధ్యలో ఎవరూ వినరు. 2020 లాక్‌డౌన్‌లో చేసిందాన్ని నేను తప్పుపట్టను. రాత్రికి రాత్రి తరగతులు ఫోన్లలోకి మారిన రోజులవి, ఎవరికి చేతనైంది వాళ్లు చేశారు. కానీ ఆ అత్యవసర ఏర్పాటే ఆన్‌లైన్ బోధన అన్న అలవాటు చాలాచోట్ల మిగిలిపోయింది.

కాగితం మీద మనకు మంచి నమూనా లేకపోలేదు. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం మొదలుపెట్టాయి. 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు ఇస్తున్నాయి. 2017 జులై 9న కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. స్వయం కోర్సుకు నాలుగు భాగాలు ఉండాలన్నారు: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, చర్చావేదిక, మూల్యాంకనం. ఈ నాలుగింటిలో వీడియో ఒక్కటే అందరి కంటికీ ఆనుతుంది. చర్చావేదిక తెరిచి చూస్తే విద్యార్థులు అడిగిన ప్రశ్నలు వారాల తరబడి జవాబు లేకుండా పడి ఉన్న కోర్సులు కనిపిస్తాయి. నాలుగు కాళ్లలో ఒకటి విరిగినా కోర్సు మాత్రం పూర్తయినట్టే నమోదవుతుంది.

ఇవాళ దీన్ని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కోర్సులు ఇప్పుడు అదనపు ఆకర్షణలు కావు. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 20 శాతం దాకా కోర్సులు స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకునే వీలుండేది. 2021లో దాన్ని 40 శాతం చేశారు. అంటే ఒక విద్యార్థి సెమిస్టర్‌లో దాదాపు సగం దాకా మనం చూడని పాఠాల మీద ఆధారపడి గడవచ్చు. అంత బరువు మోయగలిగేలా ఆ పాఠాలు ఉండాలి.

ఇక సాంకేతిక ప్రమాణాల దగ్గరికి వస్తాను. వీటిలో అందరి నోటా వినిపించే పేరు స్కార్మ్, అంటే ఆన్‌లైన్ పాఠాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా నడిచేలా కట్టిపెట్టే పద్ధతి. అమెరికా రక్షణ శాఖ తమ సిబ్బంది శిక్షణ కోసం తయారుచేయించిన పాఠాలు ఒక సాఫ్ట్‌వేర్‌లో నడిచి ఇంకోదాంట్లో నడవకపోవడం చూసి, ఏడీఎల్ అనే కార్యక్రమం కింద దీన్ని రూపొందించింది. 2001లో వచ్చిన 1.2 వెర్షన్ ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని అవసరం పెద్దవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. మీటర్ గేజ్ ఉన్న రోజుల్లో గుంతకల్లులాంటి జంక్షన్లలో బ్రాడ్ గేజ్ మొదలయ్యేచోట సరుకంతా దించి మరో బండికి ఎక్కించేవారు. ప్రమాణం లేని పాఠాలకు అదే గతి. కాలేజీ ఒక ఎల్ఎంఎస్ (పాఠాలు, క్విజ్‌లు, మార్కులు నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి ఇంకో ఎల్ఎంఎస్‌కి మారిన రోజున క్విజ్‌లు పోతాయి, మార్కులు పోతాయి, అధ్యాపకుడు మళ్లీ మొదటి నుంచి టైప్ చేసుకుంటాడు. అందుకే టెండర్ పత్రంలోనే పాఠాలు స్కార్మ్ ప్యాకేజీగా, ప్రశ్నలు క్యూటీఐ అనే ప్రమాణ రూపంలో, బయటి సాఫ్ట్‌వేర్ పరికరాలు ఎల్‌టీఐ అనే ప్రమాణం ద్వారా కలిసేలా ఉండాలని రాయించండి. మన సామగ్రిని మనమే బయటికి తీసుకునే వీలు ఉండాలన్న షరతు కూడా రాయించండి. సంతకం అయ్యాక అడిగితే ఎవరూ వినరు.

ప్రమాణం ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు, లోపల ఏముందో తెలుసుకోవాలి. స్కార్మ్ 1.2లో విద్యార్థి పాఠం మధ్యలో ఆపితే ఎక్కడ ఆపాడో దాచుకోవడానికి 4,096 అక్షరాల చోటే ఉంది. పాఠంలో చిన్నచిన్న ప్రశ్నలు, జవాబును బట్టి దారి మారే కొమ్మలు ఎక్కువైతే ఆ చోటు నిండిపోతుంది. రాత్రి సగం చదివి పడుకున్న విద్యార్థి పొద్దున్నే లాగిన్ అయితే పాఠం మళ్లీ మొదటికొస్తుంది. తప్పు తనదే అనుకుంటాడు. తర్వాత వచ్చిన ‘స్కార్మ్ 2004’ అనే వెర్షన్ నాలుగో ఎడిషన్‌లో ఆ చోటు 64,000 అక్షరాలకు పెంచారు. ఈ అంకె తెలిసిన అధ్యాపకుడు పాఠాన్ని మొదటే చిన్న భాగాలుగా విడగొడతాడు.

దీనికంటే లోతైన సమస్య ఇంకొకటి. స్కార్మ్ 1.2లో పాఠం స్థితికి ఆరే మాటలు: ఉత్తీర్ణత, పూర్తి, అనుత్తీర్ణత, అసంపూర్తి, పైపైన చూశారు, మొదలుపెట్టలేదు. మన నివేదికలన్నీ ఇందులో ‘పూర్తి’ అన్న ఒక్క మాట మీద నిలబడ్డాయి. వీడియో నడుస్తుంటే ఫోన్ పక్కన పెట్టి వంట చేసుకున్నా అది పూర్తే. 2013లో వచ్చిన ఎక్స్ఏపీఐ ప్రమాణం ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఎవరు, ఏం చేశారు, దేని మీద చేశారు అని ఒక్కో పనినీ ఒక వాక్యంలా నమోదు చేస్తుంది. దానివల్ల విద్యార్థి ఏ ప్రశ్న దగ్గర వెనక్కి వెళ్లి పాఠం మళ్లీ చూశాడో తెలుస్తుంది. కానీ ఆ వివరాలు చదివి పాఠాన్ని మార్చే మనిషి లేకపోతే అదీ సర్వర్‌లో పేరుకుపోయే చెత్తే. ఇంకో జాగ్రత్త: అది విద్యార్థి వ్యక్తిగత సమాచారం. ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్లు ఉంచాలి అన్నది ముందే రాసుకోవాలి.

ఇప్పుడు తెలుగు పాఠాల సంగతి. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే దీని గురించి మన బదులు ఇంకెవరూ మాట్లాడరు.

చూపు లేని ఒక ఎంఏ విద్యార్థి తన ఫోన్ నా చెవి దగ్గర పెట్టి, తెలుగు మాధ్యమం నోట్స్ పీడీఎఫ్ వినిపించాడు. తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, డాలర్ గుర్తులు వరసగా చదువుతోంది. తెరమీద నాకు చక్కటి తెలుగు కనిపిస్తోంది. కారణం మీకు తెలుసు. ఆ నోట్స్ పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేశారు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చినవి. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు అర్థంలేని ఇంగ్లిష్. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ సొంత స్థానాలు ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పాఠాలు ఆ స్థానాల్లోకి రాకపోతే అవి వెతికితే దొరకవు, వినిపించవు, ఇంకో భాషలోకి మారవు, ఫోన్ తెరకు తగ్గట్టు అక్షరం పెద్దది చేసుకోవడానికీ లొంగవు.

పరీక్ష చాలా సులభం. మీ పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వచ్చిందా, ఇంగ్లిష్ చెత్త వచ్చిందా, అసలు ఏమీ కాపీ కాలేదా? ఏమీ కాకపోతే అది స్కాన్ చేసిన ఫొటో. ఒక మెలిక కూడా ఉంది. యూనికోడ్‌లోనే టైప్ చేసినా పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు వత్తులు, గుణింతాలు చెల్లాచెదురు కావచ్చు. అందుకని తెలుగు పాఠానికి పీడీఎఫ్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు. ఈపబ్ అనే ఈ-పుస్తకం గానీ మామూలు వెబ్ పేజీ గానీ తోడుగా పెట్టండి. శీర్షికను అక్షరం లావు చేసి వదిలేయకుండా శీర్షిక స్టైల్‌తోనే గుర్తించండి, అప్పుడు చూపు లేని విద్యార్థి ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకగలడు. బొమ్మ కింద వివరణ రాయండి. గణిత సూత్రాన్ని ఫొటోగా అతికించకుండా స్క్రీన్ రీడర్ చదవగలిగే మ్యాథ్ఎంఎల్ రూపం వచ్చేలా ఎడిటర్‌లో రాయండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. అది పెట్టుకుని కళ్లు మూసుకుని మీ పాఠం మీరే వినండి. అంతకు మించిన తనిఖీ అధికారి లేడు.

ఇది దయ కాదు, చట్టం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సమాచారమంతా అందరికీ అందుబాటు రూపంలో ఉండాలంటుంది. అదే చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. సీటు ఇచ్చి చదవలేని పీడీఎఫ్ చేతిలో పెడితే ఆ సీటుకు అర్థమేముంది? 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు ఉండాలని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో మన హైదరాబాద్ నల్సార్‌లోని వికలాంగుల అధ్యయన కేంద్రం ఇచ్చినది ముఖ్యమైనది. ఇక ప్రపంచమంతా వాడే వెబ్ అందుబాటు మార్గదర్శకాలు, డబ్ల్యూసీఏజీ 2.1, 2018లో వచ్చాయి. 2023లో 2.2 కూడా వచ్చింది. వాటిలో మీకు వెంటనే పనికొచ్చేవి రెండు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి, కాబట్టి పసుపు మీద తెలుపు స్లైడ్లు వద్దు. రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు ఉండాలి.

క్యాప్షన్లు వినికిడి లేనివాళ్లకే అనుకోవద్దు. బస్సులో, హాస్టల్ గదిలో నలుగురి మధ్య చదివే పిల్లలు కూడా వాటిమీదే ఆధారపడతారు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి ఇంజనీరింగ్‌కు వచ్చిన అమ్మాయికి ఇంగ్లిష్ ఉపన్యాసంలో చెవికి అందని మాట కంటికి అందుతుంది.

వీడియో నిడివి గురించి ఒక్క మాట. 2014లో ఫిలిప్ గువో బృందం ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించింది. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు నిలిచి చూసే మధ్యస్థ సమయం ఆరు నిమిషాలు దాటలేదు. దీన్ని పట్టుకుని ప్రతి పాఠాన్నీ ఆరు నిమిషాలకు నరకమని నేను చెప్పను. ఒక నిరూపణకు ఇరవై నిమిషాలు పడితే పట్టనివ్వండి. కానీ యాభై నిమిషాల తరగతిని ఉన్నదున్నట్టు ఎక్కించేముందు ఎక్కడ ఆపి ఒక ప్రశ్న అడగాలో చూడండి. తక్కువ రిజల్యూషన్ కాపీ, ఆడియో మాత్రమే ఉన్న కాపీ కూడా పెట్టండి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌ను ఇంట్లో ముగ్గురు పంచుకునే చోట అదే తేడా చేస్తుంది. స్లైడ్ మీద అక్షరం ఫోన్‌లో కనిపిస్తుందో లేదో ఫోన్‌లోనే చూడండి, స్టూడియో మానిటర్ మీద కాదు.

మూల్యాంకనంలో ఎన్‌పీటెల్ పద్ధతి నాకు నచ్చుతుంది. వారంవారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే చివరి పరీక్షకు 75. రెండింటిలోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి, 25కి 10, 75కి 30. ఇంట్లో కూర్చుని జవాబులు వాట్సాప్ గ్రూపులో పంచుకుంటే దక్కేది పావు వంతే. ఈ విభజనలోనే నాణ్యత ఉంది.

మన సొంత క్విజ్‌ల మాటేమిటి? మూడ్‌ల్ అనే ఎల్ఎంఎస్ వాడేవాళ్లు పరీక్ష అయ్యాక గణాంకాల పేజీ తెరవండి. ఒక్కో ప్రశ్నకు ఎంత శాతం మంది సరిగ్గా రాశారు, బాగా చదివేవాళ్లనూ చదవనివాళ్లనూ ఆ ప్రశ్న విడదీయగలిగిందా అన్నది అక్కడ ఉంటుంది. బాగా చదివేవాళ్లే ఎక్కువగా తప్పు రాసిన ప్రశ్న కనిపిస్తే ముందు ప్రశ్ననే అనుమానించాలి. తరచుగా జవాబుల కీ తప్పై ఉంటుంది, లేదా రెండు జవాబులూ సరైనవే అయి ఉంటాయి. ఆ ప్రశ్నను మరుసటి ఏడాదికి అలాగే మోసుకెళ్లడం విద్యార్థికి చేసే అన్యాయం.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ గురించి చాలామంది అడుగుతారు. ఈ-లెర్నింగ్ నాణ్యతకు ఐఎస్ఓ/ఐఈసీ 40180 అనే ప్రమాణం 2017లో వచ్చింది, అంతకుముందు 2005 నాటి 19796-1 ఉండేది. అవసరాల గుర్తింపు దగ్గర మొదలై రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం దాకా ఏ దశలో ఎవరు ఏం చేయాలో రాసుకునే చట్రం అది. గోడమీద సర్టిఫికెట్ కోసం అయితే నాకు దానిమీద ఆసక్తి లేదు. మన పనిని వరసలో పెట్టుకోవడానికైతే చదవండి, ఉపయోగపడుతుంది. మన దగ్గర యూజీసీ 2020 నిబంధనలు దూరవిద్య, ఆన్‌లైన్ ప్రోగ్రాములు నడిపే ప్రతి సంస్థలో అంతర్గత నాణ్యతా కేంద్రం ఉండాలంటున్నాయి. ఆ కేంద్రం సమావేశంలో విద్యార్థి ఒకరు కూర్చుని, ఫలానా పాఠం నా ఫోన్‌లో తెరుచుకోలేదని చెప్పే రోజు రావాలి.

ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ప్రశ్న: ఇప్పుడు ఏఐతో ఇంగ్లిష్ పాఠాలు తెలుగులోకి వచ్చేస్తున్నాయి కదా, ప్రమాణం ఎలా నిలబెట్టాలి?)

మంచి ప్రశ్న అండీ. యంత్రం తొలి ప్రతి ఇవ్వనివ్వండి, అభ్యంతరం లేదు. ఎన్‌పీటెల్ పాఠాల తెలుగు ప్రతుల వల్ల ఎంతోమందికి మేలు జరుగుతోంది. కానీ మూడు చోట్ల మనిషి కన్ను తప్పదు. అంకెలు, కొలమానాలు మారాయా? ‘కాదు’, ‘లేదు’ ఎక్కడైనా జారిపోయిందా? ఫార్మసీ పాఠంలో అది జారిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇక పారిభాషిక పదాలు మొదటి యూనిట్‌లో ఒకలా, ఐదో యూనిట్‌లో ఇంకోలా ఉన్నాయా? 1968లో పెట్టిన తెలుగు అకాడమీ పదకోశాలు మనకున్నాయి. ఒక కోర్సుకు ఒక పదజాబితా ముందే ఖాయం చేసుకుని యంత్రానికీ, సరిచూసేవాళ్లకూ అదే ఇవ్వండి. ఎవరు సరిచూశారో వాళ్ల పేరు, సరిచూసిన తేదీ కోర్సు పేజీలో పెట్టండి.

(మరో ప్రశ్న: ఇంత పని ఎవరు చేస్తారు సార్? మాకు వారానికి పద్దెనిమిది పీరియడ్లు.)

మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఈ భారమంతా అధ్యాపకుడి నెత్తిన పెట్టి నాణ్యత కావాలంటే రాదు. అందుకే డబ్బు, మనుషుల లెక్క మొదటే తేలాలి. ఆన్‌లైన్ ప్రోగ్రాముకు అనుమతి కోరేటప్పుడు విశ్వవిద్యాలయం ప్రోగ్రామ్ ప్రాజెక్ట్ రిపోర్ట్ సమర్పించాలి. అందులో ఖర్చు అంచనా ఒక శీర్షిక, నాణ్యతను ఎలా నిలబెడతారన్నది ఇంకో శీర్షిక. ఆ రెండింటినీ విడివిడిగా నింపేస్తున్నాం. సిలబస్ ఖాయం చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామందే కనిపిస్తున్నారు. ఈసారి ఆ పత్రం మీ ముందుకు వచ్చినప్పుడు ఖర్చు పద్దులో కోర్సుకొక సంపాదకుడు, క్యాప్షన్లు దిద్దే మనిషి, అందుబాటు పరీక్ష చేసే సహాయకుడు ఉన్నారా అని చూడండి. పాఠం తయారీ గంటలు మీ వర్క్‌లోడ్‌లో కలిశాయా అని చూడండి. లేకపోతే సంతకం పెట్టకుండా, ఎందుకు పెట్టలేదో మినిట్స్‌లో రాయించి వెనక్కి పంపండి.